ఇంటి వర్క్‌షాపుకు కంప్రెసర్: ప్రెషర్ కాదు, గాలి లెక్క చూడండి

ట్రిగ్గర్ నొక్కగానే శాండర్ (చెక్కను రుద్ది నునుపు చేసే, గాలితో నడిచే పనిముట్టు) జుయ్యిమని తిరుగుతుంది. చెక్క మీద పెడితే మొదటి అరనిమిషం పని పరుగులు తీస్తుంది. ఆ తర్వాత శబ్దం కొద్దికొద్దిగా దిగిపోతుంది, డిస్కు బరువెక్కినట్టు నెమ్మదిస్తుంది. మూలన గాలిని నొక్కి ట్యాంకులో నింపే కంప్రెసర్ మాత్రం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. చేయి తీసి కాసేపు ఆగితే ప్రెషర్ చూపే గేజ్ ముల్లు మళ్లీ 8 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దగ్గరికి వస్తుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే కథ.

నా మొదటి కంప్రెసర్‌తో నెలల తరబడి ఇలాగే కుస్తీ పట్టాను. శాండర్ పాడైందనుకున్నాను. పనిముట్టుకు వెళ్లే ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ మార్చాను, గాలి గొట్టం (హోస్) మార్చాను. చివరికి తేలింది ఏమిటంటే, వాటిలో దేనికీ లోపం లేదు. నేను ప్రెషర్ చూసి కంప్రెసర్ కొన్నాను. శాండర్‌కు కావాల్సింది గాలి. ఈ రెండూ వేర్వేరని అర్థమైతే చిక్కుముడి సగం విడిపోతుంది. మిగతా సగం నీళ్ల గురించి. ముందు గాలి సంగతి చూద్దాం.

ప్రెషర్ వేరు, గాలి వేరు

మేడ మీద నీళ్ల ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో ధార అంత జోరుగా వస్తుంది. అది ప్రెషర్. కానీ ఆ ధార ఎంతసేపు నిలుస్తుందన్నది ట్యాంకు ఎత్తు చెప్పదు. కింద మోటారు నిమిషానికి ఎన్ని నీళ్లు ఎక్కిస్తుందో అదే చెబుతుంది. కంప్రెసర్ విషయంలోనూ అంతే.

గాలితో నడిచే పనిముట్లలో చాలావాటికి 6 బార్ చుట్టుపక్కల ప్రెషర్ చాలు. అంటే దాదాపు 90 పీఎస్ఐ (1 బార్ అంటే 14.5 పీఎస్ఐ). చిన్నా చితకా కంప్రెసర్లు కూడా 8 బార్ దాకా తేలిగ్గా ఎక్కిస్తాయి. కాబట్టి ప్రెషర్ అంకె చూసి ఏ మెషీన్ మంచిదో తేల్చలేం. తేల్చేది గాలి రాక. దాన్ని నిమిషానికి లీటర్లలోనో సీఎఫ్ఎంలోనో (నిమిషానికి ఘనపుటడుగులు) చెబుతారు. 1 సీఎఫ్ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్లు. ఇక్కడ లీటరు అంటే నొక్కిపెట్టిన గాలి లీటరు కాదు, బయట మామూలుగా ఉండే గాలి లీటరు.

అందుకే కంప్రెసర్ ఎంపిక కంప్రెసర్‌తో మొదలుపెట్టకూడదు. చేతిలో ఏ పనిముట్టు ఉండబోతోందో అక్కడ మొదలుపెట్టి వెనక్కి రావాలి. మేకులు కొట్టే గన్ ఒక్కో దెబ్బకు చిటికెడు గాలి తీసుకుంటుంది, దానికి ఎంత చిన్న మెషీన్ అయినా చాలు. టైర్లకు గాలి పెట్టడానికి, బ్లో గన్‌తో దుమ్ము ఊదడానికి కూడా పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఇంపాక్ట్ రెంచ్ గాలి బాగానే తాగుతుంది కానీ ఒక్కో నట్టుకు కొన్ని సెకన్లే కాబట్టి ట్యాంకులో ఉన్నది ఆదుకుంటుంది. అసలు పేచీ ఆగకుండా నడిచే వాటితోనే. శాండర్‌కు నిమిషానికి సుమారు 230 నుంచి 340 లీటర్లు కావాలి. తక్కువ ప్రెషర్‌లో పెయింటు చిమ్మే హెచ్‌వీఎల్‌పీ స్ప్రే గన్లలో చాలావాటికి అంతే, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఇసుక చిమ్మి తుప్పు తీసే పనికైతే ఇంటి కంప్రెసర్లు చాలావరకు చేతులెత్తేస్తాయి.

పనిముట్టు డబ్బా మీది అంకెను చదవడంలోనూ ఒక మెలిక ఉంది. కొందరు తయారీదారులు ఆ పనిముట్టు నిమిషంలో పావు వంతు సమయమే తిరుగుతుందని అనుకుని సగటు వేసి రాస్తారు. అలాంటి డబ్బా మీద 4 సీఎఫ్ఎం అని ఉంటే, ఆపకుండా తిప్పినప్పుడు కావాల్సింది 16. ఆ అంకె సగటుదా, ఆగకుండా నడిపినప్పటిదా అన్నది చూడకుండా లెక్క మొదలుపెట్టొద్దు.

కంప్రెసర్ మీది అంకెతో ఇంకా జాగ్రత్త. సిలిండర్ పరిమాణాన్ని పిస్టన్ నిమిషానికి వేసే దెబ్బలతో గుణిస్తే వచ్చేది డిస్‌ప్లేస్‌మెంట్. పెద్ద అక్షరాలతో కనిపించేది ఎక్కువగా ఇదే. నిజంగా బయటికి వచ్చే గాలిని ఎఫ్ఏడీ అంటారు. చిన్న పిస్టన్ మెషీన్లలో అది డిస్‌ప్లేస్‌మెంట్‌లో సుమారు మూడింట రెండొంతులు ఉంటుంది. పిస్టన్ పైకి వెళ్లినా సిలిండర్ తలలో కొంత గాలి మిగిలిపోయి, పిస్టన్ దిగేటప్పుడు అదే మళ్లీ వ్యాకోచించి కొత్త గాలికి చోటు తగ్గిస్తుంది. లోపలికి వచ్చే గాలి వేడి సిలిండర్ తగిలి పలచబడుతుంది. రింగుల పక్క నుంచి ఇంకొంత జారిపోతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ ఈ నష్టాలన్నీ పెరుగుతాయి.

ఎఫ్ఏడీ ఎక్కడా రాసి లేకపోతే హెచ్‌పీ చూసి పోల్చుకోవచ్చు. 6 బార్ దగ్గర చిన్న పిస్టన్ మెషీన్ 1 హెచ్‌పీకి నిమిషానికి సుమారు 100 లీటర్ల గాలి ఇస్తుంది, కొంచెం అటూ ఇటూ. 2 హెచ్‌పీ మెషీన్ నిమిషానికి 300 లీటర్లు ఇస్తుందని రాసి ఉంటే ఆ అంకె కచ్చితంగా డిస్‌ప్లేస్‌మెంటే.

పెద్ద ట్యాంకు ఎంతవరకు ఆదుకుంటుంది

"ట్యాంకు పెద్దది తీసుకుంటే సరిపోతుంది కదా" అని చాలామంది అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. ట్యాంకు 50 లీటర్లు, లోపల 8 బార్ ఉంది. పనిముట్టుకు 6 బార్ కావాలి. అంటే మనం వాడుకోగలిగింది పైనున్న 2 బార్లే. 50ని 2తో గుణిస్తే 100 లీటర్ల మామూలు గాలి. శాండర్ నిమిషానికి 280 లీటర్లు తీసుకుంటుంది, కంప్రెసర్ 170 ఇస్తుంది అనుకుందాం. తేడా 110. ఆ నిల్వ 55 సెకన్లలో అయిపోతుంది. అదీ కంప్రెసర్ మొదటి క్షణం నుంచే తిరిగితే.

కానీ అది అలా తిరగదు. ట్యాంకు నిండగానే ప్రెషర్ స్విచ్ మోటారును ఆపేస్తుంది. ప్రెషర్ ఒక మట్టం దాకా దిగితేనే మళ్లీ వేస్తుంది. ఆ మట్టం 6 బార్ దగ్గర ఉంటే, మోటారు అందుకునే లోపే ఆ 100 లీటర్లూ 21 సెకన్లలో ఖర్చయిపోతాయి. అక్కడి నుంచి శాండర్ నీరసిస్తూనే ఉంటుంది. నా శాండర్‌కు పట్టిన జబ్బు ఇదే.

100 లీటర్ల ట్యాంకు పెడితే ఆ సమయం రెట్టింపవుతుంది. తిరిగి నింపుకోవడానికి పట్టే సమయం కూడా రెట్టింపవుతుంది. కుండలో ఉంటేనే గరిటెలోకి వస్తుంది. కుండలోకి తెచ్చేది పంపు. పెద్ద ట్యాంకు వల్ల వేరే లాభాలు ఉన్నాయి. మోటారు మాటిమాటికీ ఆగి మొదలవ్వదు, గాలి కాస్త చల్లబడుతుంది, నీళ్లు అడుగుకు దిగే వీలుంటుంది. ఆగి ఆగి చేసే పనులకు అది చాలా ఉపయోగం. ఆగకుండా నడిచే పనిముట్టును మాత్రం ట్యాంకు సాకలేదు.

పైగా చిన్న పిస్టన్ కంప్రెసర్లలో చాలావాటిని గంటలో సగం సేపు నడిచి, సగం సేపు చల్లబడేలా తయారుచేస్తారు. ఊపిరాడకుండా నడిపితే తల కాగిపోతుంది, ఆయిల్ మాడి వాల్వుల మీద మసిలా పేరుకుంటుంది, గాలి రాక ఇంకా పడిపోతుంది. అందుకని పనిముట్టు అవసరం కంటే ఎఫ్ఏడీ 30 నుంచి 50 శాతం ఎక్కువ ఉండేలా చూసుకోవడం మంచిది.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ పనిలో ముఖ్యమైనది శాండింగ్ అయితే కరెంటు శాండర్ కొనుక్కోండి. నొక్కిన గాలి చాలా ఖరీదైన శక్తి. గాలి మోటారు ఇరుసు మీద 1 హెచ్‌పీ పని రావాలంటే కంప్రెసర్ దగ్గర 7 లేదా 8 హెచ్‌పీ కరెంటు కాలుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. మేకులు కొట్టడం, ఊదడం, పెయింటు చిమ్మడం, బిగుసుకున్న నట్లు విప్పడం లాంటి చోట్ల గాలికి సాటి లేదు. వాటికోసం పెట్టే ఏర్పాటు చిన్నదిగా, పొదుపుగా సరిపోతుంది.

ఆయిల్ ఉన్నదా, ఆయిల్ లేనిదా అన్న చర్చ మీద ఎక్కువ సేపు నిలబడాల్సిన పని లేదు. ఆయిల్ లేనిది తేలిక, నిర్వహణ తక్కువ, ఎక్కువ మోడళ్లు గోల చేస్తాయి, రింగులు త్వరగా అరుగుతాయి. ఆయిల్ ఉన్నది ఎక్కువ కాలం వస్తుంది కానీ ఆయిల్ మట్టం చూస్తుండాలి, గాలిలోకి కాస్త ఆయిల్ ఆవిరి వస్తుంది. బెల్టుతో నడిచేవి నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి చెవులకు నయం. చోటు, బరువు ఇబ్బంది కాకపోతే నేను బెల్టుదే తీసుకుంటాను.

కరెంటు గురించి ఒక్క మాట. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే 5, 6 రెట్లు కరెంటు లాగుతుంది. పొడవాటి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు పెడితే ఓల్టేజీ పడిపోయి మోటారు గుర్రుమంటుందే తప్ప తిరగదు, అలాగే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. దూరం వెళ్లాల్సి వస్తే వైరును పొడిగించకండి, గాలి హోస్‌ను పొడిగించండి.

ఆగినప్పుడు వచ్చే ఆ 'ఫుస్'

కంప్రెసర్ ఆగగానే 'ఫుస్'మని చిన్న శబ్దం వస్తుంది. కొత్తగా కొన్నవాళ్లకు అది లీకేమోనని టెన్షన్. నిజానికి అది మెషీన్ ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. పంపు తలకూ ట్యాంకుకూ మధ్య సన్న పైపులో గాలి ఇరుక్కుని ఉంటే, తర్వాతిసారి మోటారు ఆ బరువును నెట్టుకుంటూ లేవాలి. అందుకే ప్రెషర్ స్విచ్ ఆగేటప్పుడు దాని పక్కనే ఉన్న చిన్న అన్‌లోడర్ వాల్వును తెరిచి ఆ గాలిని వదిలేస్తుంది. ట్యాంకులోని గాలి వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు కాపలా కాస్తుంది.

ఈ శబ్దం వినడం అలవాటు చేసుకుంటే సగం రిపేర్లు చెవితోనే పట్టుకోవచ్చు. 'ఫుస్' రెండు సెకన్లలో ఆగిపోతే అంతా బాగున్నట్టు. మెషీన్ ఆగాక కూడా ఆ బుసలు నిమిషాల తరబడి సాగుతుంటే నాన్ రిటర్న్ వాల్వు సరిగా మూసుకోవడం లేదు. విప్పి చూస్తే దాని సీటు మీద ఏ మసి పలుకో ఇరుక్కుని ఉండొచ్చు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేశాకే దాన్ని విప్పాలి. అసలు 'ఫుస్' రాకుండా, మళ్లీ వేసినప్పుడు మోటారు మూలుగుతుంటే అన్‌లోడర్ పట్టేసిందని అనుమానించాలి.

గాలిలోంచి గ్లాసుడు నీళ్లు

ఇక మిగిలిన సగం. 30 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమ ఉన్న రోజున, ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని గేజ్ మీద 8 బార్‌కు నొక్కితే (బయటి గాలి ప్రెషర్ 1 బార్ కలుపుకుంటే మొత్తం 9) అది తొమ్మిదో వంతు చోటులోకి కుదించుకుపోతుంది. చల్లబడి మళ్లీ 30 డిగ్రీలకు వచ్చాక అంత చిన్న చోటులో 3, 4 గ్రాముల ఆవిరి మాత్రమే నిలవగలదు. మిగిలిన 17 గ్రాములకు పైగా నీళ్లుగా మారి తీరాల్సిందే. నిమిషానికి 170 లీటర్ల మెషీన్ ఒక గంట తిరిగితే 10 ఘనపు మీటర్ల గాలి మింగినట్టు. అంటే ఒక గ్లాసు నీళ్లు. కంప్రెసర్ ఎంత మంచిదైనా ఈ నీళ్లు తప్పవు, అవి మన చుట్టూ ఉన్న గాలిలోనివే.

ఆ నీళ్లు ఎక్కడ దిగుతాయన్నదే అసలు ప్రశ్న. నొక్కినప్పుడు గాలి విపరీతంగా వేడెక్కుతుంది. పంపు తల నుంచి ట్యాంకుకు వెళ్లే రాగి పైపు ముట్టుకుంటే చేయి కాలుతుంది. వేడిగా ఉన్నంతసేపూ నీరు ఆవిరిగానే ఉంటుంది. ఫిల్టరు నీటి బొట్లను పట్టగలదు, ఆవిరిని పట్టలేదు. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే: నీళ్లు పట్టే ఫిల్టరును తెచ్చి కంప్రెసర్ మూతి దగ్గరే బిగిస్తారు. వేడి గాలి దాంట్లోంచి హాయిగా దాటిపోయి, హోస్‌లో చల్లబడి, స్ప్రే గన్ ముక్కులోంచి నీటి చుక్కగా పడుతుంది. గంటల కొద్దీ రుద్ది నునుపు చేసిన పలక మీద, పెయింటు మధ్యలో చిన్న చేప కన్నులాంటి గుంట. ఒకటి కనిపించిందంటే పక్కన ఇంకో పది ఉంటాయి. ఆరనిచ్చి, మళ్లీ రుద్ది, మళ్లీ మొదటి నుంచి వేయాలి.

కాబట్టి క్రమం ఇది: ముందు గాలిని చల్లార్చాలి, తర్వాత నీళ్లు పట్టాలి, ఆ తర్వాతే సన్నటి ఫిల్టర్లు, చివర రెగ్యులేటర్. చల్లార్చడానికి చవకైన ఉపాయం లోహపు పైపే. కంప్రెసర్ నుంచి ఫిల్టరుకు మధ్య 7, 8 మీటర్ల రాగి పైపు ఉంటే చాలా వరకు పని జరుగుతుంది. అంత పొడుగు గోడ లేకపోతే పైపును పైకీ కిందికీ మెలికలు తిప్పి గోడకు బిగించి, ప్రతి మెలిక అడుగున ఒక డ్రెయిన్ వాల్వు పెట్టొచ్చు. నా గోడ మీద అలాంటివి నాలుగు నిలువు వరసలు ఉన్నాయి. పని చేస్తుండగా ముట్టుకుంటే మొదటిది వెచ్చగా, నాలుగోది గోడంత చల్లగా ఉంటుంది. మొదటి రెండింటి అడుగున వాల్వు తెరిస్తే నీళ్లు చిమ్ముతాయి, నాలుగోదాంట్లో దాదాపు ఏమీ రాదు.

మేకులకు, నట్లకు 5 మైక్రాన్ల ఫిల్టరు చాలు. పెయింటుకు దాని తర్వాత ఆయిల్ తుంపర్లను కూడా పట్టే కోలెసింగ్ ఫిల్టరు వేయాలి. ఇంకా పొడి గాలి కావాలంటే సిలికా జెల్ నింపిన డ్రయర్ ఉంటుంది, రంగు మారినప్పుడు గింజలను వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇంపాక్ట్ రెంచ్ లాంటి వాటికి రోజూ రెండు చుక్కల ఆయిల్ కావాలి, కానీ దాన్ని పనిముట్టు మూతిలోనే వేయండి. లైనులో ఆయిలర్ బిగిస్తే హోస్ లోపలంతా ఆయిల్ అంటుకుంటుంది. ఆ హోస్‌ను ఇక జన్మలో పెయింటుకు వాడకూడదు.

పైపు ఏది

నీళ్ల పీవీసీ పైపు వద్దు. సీపీవీసీ కూడా వద్దు. పైపు మీద 10 బార్ అని అచ్చువేసి ఉంది కదా అంటారు. ఆ అంకె నీళ్లకు. నీళ్లు నొక్కితే కుదించుకోవు, అందుకే పైపు పగిలిన మరుక్షణం ప్రెషర్ సున్నా అవుతుంది, కారుతుంది అంతే. గాలి స్ప్రింగులా శక్తిని దాచుకుని ఉంటుంది. పైపు పగిలితే ఆ శక్తంతా ఒక్కసారిగా బయటికి వచ్చి ప్లాస్టిక్ ముక్కలను కత్తుల్లా విసురుతుంది. వయసుతో, ఆయిల్‌తో ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఏళ్ల తరబడి బాగానే ఉండి ఒకరోజు పగులుతుంది కాబట్టే అది మరీ ప్రమాదం.

రాగి, అల్యూమినియం మంచివి. జీఐ పైపు బలమైనదే కానీ కాలక్రమంలో లోపల తుప్పు రాలుతుంది. మధ్యలో అల్యూమినియం పొర ఉన్న మల్టీలేయర్ పైపుల్లో నొక్కిన గాలికి పనికొస్తుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్పినవైతే వాడొచ్చు.

పైపును 100కు 1 చొప్పున వాలుగా వేయండి, చివర డ్రెయిన్ పెట్టండి. పనిముట్టు కోసం కిందికి దింపే పైపును మెయిన్ పైపు అడుగు నుంచి కాకుండా పైభాగం నుంచి తీసి, వంచి కిందికి దించాలి. నీళ్లు మెయిన్ పైపు అడుగున పారుతుంటాయి, పైనుంచి తీస్తే పొడి గాలి వస్తుంది. కంప్రెసర్‌కూ గోడ పైపుకూ మధ్య ఒక మెత్తటి హోస్ తప్పనిసరి, లేకపోతే మెషీన్ అదురుకు అతుకులు వదులవుతాయి. ట్యాంకు దగ్గర ఒక బాల్ వాల్వు ఉండాలి.

హోస్‌ను మాత్రం తక్కువ అంచనా వేయకండి. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్ల నుంచి 10కి పెరిగితే దారి దాదాపు మూడు రెట్లవుతుంది. ఒక చిన్న పరీక్ష చేయండి: పనిముట్టు దగ్గర గేజ్ పెట్టి ట్రిగ్గర్ నొక్కి చూడండి. ఊరికే ఉన్నప్పుడు 6 చూపించిన ముల్లు నొక్కగానే 4కు పడిపోయి, ట్యాంకు గేజ్ మాత్రం 7 దగ్గరే ఉంటే గాలి దారిలో ఇరుకుంది. సన్న హోస్, హోస్‌ను తగిలించే చవక కప్లర్లు, మూసుకుపోయిన ఫిల్టరు, వీటిలో ఏదో ఒకటి. రెగ్యులేటర్‌ను కూడా ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే సరిచేయాలి.

ప్రాణం మీదికి తెచ్చేవి

సేఫ్టీ వాల్వు కారుతోందని మూసేయడం కంటే పెద్ద తప్పు లేదు. ప్రెషర్ స్విచ్ అతుక్కుపోయి మోటారు ఆగని రోజున మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. నెలకోసారి దాని రింగు లాగి గాలి వదులుతోందో లేదో చూడండి. కారుతుంటే అంతే రేటింగు ఉన్న కొత్తది వేయండి. ట్యాంకుకు వెల్డింగ్ చేయొద్దు, రంధ్రం వేయొద్దు. అది లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అడుగున సూదిమొనంత రంధ్రం కనిపించినా దాని ఆయుష్షు తీరినట్టే. ట్యాంకు బలాన్ని గాలితో కాక నీళ్లతో నింపి పరీక్షించేది కూడా పైన పైపుల దగ్గర చెప్పిన కారణానికే.

బ్లో గన్‌ను ఒంటి మీదికి, బట్టల మీదికి పెట్టొద్దు. పక్కవాళ్ల మీదికి సరదాకైనా వద్దు. గాయంలోంచో శరీరంలోని మరే దారిలోంచో గాలి లోపలికి దూరితే మనిషి చనిపోవచ్చు. శుభ్రం చేయడానికి 2 బార్ లోపే పెట్టుకుని, కళ్లద్దాలు వేసుకోండి. హోస్ విప్పే ముందు గాలి వదిలేయండి. పెయింటు వేసేటప్పుడు కంప్రెసర్ ఆ గదిలో ఉండకూడదు. ప్రెషర్ స్విచ్‌లో ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది, థిన్నర్ ఆవిరికి అది చాలు.

అంతా బిగించాక లీకు పరీక్ష. 8 బార్ ఎక్కించి, స్విచ్ ఆపి, గేజ్ అంకె రాసుకుని, పది నిమిషాల తర్వాత చూడండి. 50 లీటర్ల ట్యాంకులో 1 బార్ దిగిందంటే నిమిషానికి 5 లీటర్లు పోతున్నట్టు. సబ్బు నురుగు బ్రష్‌తో ప్రతి అతుకుకూ పూసి బుడగలు వెతకండి. నాకు మొదటిసారి దొరికిన లీకులన్నీ మరలున్న అతుకుల దగ్గరే. టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేకొద్దీ లేచిపోతుంది.

పని అయ్యాక స్విచ్ ఆపి, ట్యాంకు బాల్ వాల్వు మూసి, హోస్‌లో గాలి వదిలి, అడుగున డ్రెయిన్ కాక్ కొద్దిగా తెరవండి. వంగి తిప్పాల్సి వస్తే ఆ పని ఎవరూ రోజూ చేయరు, అందుకే తగిన రేటింగు ఉన్న ఎల్బో, చిన్న పైపు, బాల్ వాల్వు వేసి దాన్ని పక్కకు తెచ్చుకోవడం మంచిది. ముందు మజ్జిగ రంగులో ఆయిల్ కలిసిన నీళ్లు వస్తాయి, వెనకే కొంచెం తుప్పు రంగు, ఆ తర్వాత ఒట్టి గాలి. అది వచ్చేదాకా తెరిచి ఉంచండి.